క్యాన్సర్ చికిత్స అయ్యాక మనసులోది రాయడం: ఎంతసేపు, ఎన్ని రోజులు, ఎక్కడ ఆపాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయి ఏడు నెలలైంది. టామాక్సిఫెన్ (జబ్బు తిరగబెట్టే అవకాశం తగ్గించే హార్మోన్ చికిత్స మాత్ర) వేసుకుంటున్నారు. రిపోర్టులు బాగున్నాయి. ఇంట్లో అందరూ "తగ్గిపోయిందిగా, ఇంకా ఏంటి దిగులు" అంటున్నారు. కౌన్సెలర్ మనసులో ఉన్నది కాగితం మీద పెట్టమన్నారు. రెండు రాత్రులు రాశారు, ఏడుపు ఆగలేదు, నిద్ర పట్టలేదు, నోట్‌బుక్ మూసేశారు. మానేయాలా, కొనసాగించాలా, రాసింది పద్దెనిమిదేళ్ల కూతురికి చూపించవచ్చా అని మీ ప్రశ్న.

మానేయక్కర్లేదండీ. రాసే పద్ధతి మార్చుకోవాలి. రాత్రి పడుకోబోయే ముందు, ఒళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు, ఎంతసేపు రాయాలో ఎక్కడ ఆపాలో తెలియకుండా కూర్చుంటే ఎవరికైనా మీకు జరిగిందే జరుగుతుంది. "రాయండమ్మా, మనసు తేలికవుతుంది" అని ఒక్క ముక్క చెప్పి పంపేయడం సగం సలహా. కీమోకు మోతాదు ఎంత, ఎన్ని సైకిళ్లు, మధ్యలో ఎన్ని రోజులు ఎడం అని ఎలా లెక్క కడతారో దీనికీ అలాగే లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే మేలు జరగకపోగా నిద్ర చెడుతుంది.

ఈ పద్ధతికి మూలం అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనం. కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమకు తగిలిన పెద్ద దెబ్బ గురించి కొందరు జరిగింది మాత్రమే రాశారు, కొందరు తమ బాధ మాత్రమే రాశారు, కొందరు రెండూ కలిపి రాశారు. రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే చూస్తే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది, రక్తపోటు కూడా పెరిగింది. అంటే రాయగానే దిగులు పెరగడం ఈ పద్ధతిలో మొదటినుంచీ కనిపిస్తున్నదే. మీరేదో తప్పు చేసినందువల్ల వచ్చింది కాదు. సాధారణంగా ఒకటి రెండు గంటల్లో, మహా అయితే ఆ రోజు గడిచేసరికి అది దిగిపోతుంది. మీరు రాత్రిపూట రాశారు కాబట్టి ఆ గంటలు కాస్తా పక్కమీదే గడిచాయి. జరిగిన పొరపాటల్లా అదే.

క్యాన్సర్‌కు సంబంధించినంతవరకు ఎక్కువగా చెప్పుకునేది ఆనెట్ స్టాంటన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన. తొలి దశ రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయిన 60 మంది మహిళలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపు లోపలి బాధ, భయం అంతా రాసింది. రెండో గుంపు ఈ అనుభవంలో తమకు కనిపించిన మంచిని రాసింది. మూడో గుంపు చికిత్స వివరాలు మాత్రమే రాసింది. మూడు వారాల లోపు నాలుగుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు. మూడు నెలల తర్వాత చూస్తే బాధ రాసినవాళ్లకు ఒంటి ఇబ్బందులు తక్కువగా ఉన్నాయి. మొదటి రెండు గుంపులవాళ్లూ జబ్బు తాలూకు సమస్యలతో ఆస్పత్రికి వెళ్లడం తగ్గింది. 2014లో 277 మంది కిడ్నీ క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధనలోనూ పది నెలల తర్వాత కొంత మేలు కనిపించింది.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి. డెన్మార్క్‌లో 507 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలతో చేసిన పెద్ద పరిశోధనలో, 2013లో ఫలితాలు వచ్చాయి, మనోవేదన విషయంలో రాసినవాళ్లకూ మామూలు విషయాలు రాసినవాళ్లకూ పెద్ద తేడా లేదు. 2015లో 16 పరిశోధనలను కలిపి చూసినవాళ్లకు కూడా మొత్తం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కొందరికి మేలు, కొందరికి ఏమీ లేదు. మనసులోది చెప్పుకోవడానికి చుట్టూ ఎవరూ లేనివాళ్లకు ఎక్కువ ఉపయోగపడుతుందేమోనన్న సూచన మాత్రం ఉంది. మీ ఇంటి పరిస్థితి మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకు ప్రయత్నించి చూడదగ్గదే. ఖర్చు లేదు, నాలుగుసార్లు కూర్చుని రాసే పని. కానీ రాస్తే జబ్బు తిరగబెట్టదని ఎవరైనా చెబితే నమ్మకండి. రాయడానికీ జబ్బు రావడానికీ పోవడానికీ సంబంధం లేదు. అలాగే "నేను సరిగ్గా రాయలేదు, అందుకే తగ్గలేదు" అనే కొత్త బరువు నెత్తికెత్తుకోకండి.

మొదలుపెట్టేముందు ఒక సంగతి చూసుకోండి. స్టాంటన్ పరిశోధనలోనే తేలిన ముఖ్యమైన విషయం ఇది: జబ్బు ఊసే తలుచుకోకుండా తప్పించుకునే స్వభావం ఉన్నవాళ్లకు బాధ రాయడం కన్నా మంచిని రాయడం బాగా పనిచేసింది. తప్పించుకోనివాళ్లకు బాధ రాయడమే పనిచేసింది. మీరు ఏ కోవకు చెందుతారో పట్టుకోవడం కష్టం కాదు. సినిమా హాల్లో పొగాకు ప్రకటన రాగానే లేచి బయటికి వెళ్తున్నారా? ఫైలు అలమరలో పెట్టి తాళం వేసి, ఆ గదిలోకి వెళ్లడమే తగ్గించారా? ఆస్పత్రి దారిలో ఆటో వెళ్తే కళ్లు మూసుకుంటున్నారా? ఇలాంటివి రెండు మూడు ఉంటే నేరుగా గాయం మీదికి వెళ్లకండి. మొదటి రెండు రోజులు చికిత్సకాలంలో మీకు ఊతంగా నిలిచినవి రాయండి: ఎవరు ఏ రోజు క్యారియర్ తెచ్చారు, ఏ నర్సు సూది నొప్పి తెలియకుండా గుచ్చింది, మీరు మీకోసం గట్టిగా అడిగి సాధించుకున్నది ఏది. మూడో రోజుకు బాధ దానంతటదే పేజీలోకి వస్తుంది, అప్పుడు రానివ్వండి.

అమెరికాలోని చైనా సంతతి మహిళల మీద చియాన్ లూ బృందం చేసిన పనిలో జబ్బు వివరాలు మాత్రమే రాసినవాళ్లకు కూడా మంచి మేలు కనిపించింది. నా అభిప్రాయం, మన ఇళ్లలో పెరిగిన చాలామందికి ఇది వర్తిస్తుంది. ఏ రోజు ఏం జరిగిందో వరసగా, తేదీలతో రాసుకోవడం కూడా లోపలి గందరగోళాన్ని ఒక దారిలో పెడుతుంది. భావాలు రాకపోతే బలవంతంగా తెచ్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. రెండు వారాల్లో నాలుగు రోజులు ఎంచుకోండి. వరసగా నాలుగు రోజులైనా సరే, రోజు విడిచి రోజైనా సరే. స్కాన్‌కో రక్త పరీక్షకో ముందు వారం, రిపోర్టు రావాల్సిన వారం వద్దు. ఇంట్లో పెళ్లి, పూజ, చుట్టాలు ఉన్న రోజులూ వద్దు. పిల్లలు కాలేజీకి, ఆయన ఆఫీసుకు వెళ్లాక పదకొండు గంటల ప్రాంతం బాగుంటుంది. లేదా నాలుగు గంటల టీకి ముందు. పడుకోవడానికి కనీసం మూడు గంటలు ఎడం ఉండాలి. రాత్రి తప్ప వీలు కాదంటే, ఆదివారాలకు పెట్టుకుని నెల రోజులు చేయండి, పర్వాలేదు.

ఫోన్లో 20 నిమిషాలకు అలారం పెట్టి, ఫోన్ దూరంగా బోర్లించండి. 20 అయ్యాక వాక్యం మధ్యలో ఉన్నా ఆ వాక్యం ముగించి ఆపేయాలి. ఎంత బాగా సాగుతున్నా సరే. మిగిలింది మర్నాటికి ఉంటుంది. 15 నిమిషాలు కాకుండా లేవకూడదు కూడా, ఎందుకంటే మొదటి ఐదారు నిమిషాలు పైపై మాటలే వస్తాయి. అసలుది తర్వాత మొదలవుతుంది.

ప్రతిసారీ పేజీ పైన మూలకు ఒక అంకె వేయండి. ఈ క్షణం మనసు బరువు సున్నా నుంచి పది వరకు ఎంత? రాశాక మళ్లీ ఒకటి. పడుకునే ముందు ఒకటి. క్యాన్సర్ ఆస్పత్రుల్లో రోగి మనోవేదన కొలవడానికి వాడే కొలబద్ద కూడా సున్నా నుంచి పదే. అందులో 4, అంతకు మించి వస్తే ఇంకొంచెం లోతుగా అడిగి తెలుసుకోవాలని లెక్క. మీ అంకెలు 4, 7, 3 ఇలా ఉంటే అంతా సవ్యంగా జరుగుతున్నట్టే. 4, 7, 7 వచ్చి మర్నాడు పొద్దున కూడా 7 ఉంటే ఆ విషయం వదిలేసి తేలికైనది ఎంచుకోండి. వరసగా రెండుసార్లు అలాగే అయితే ఆపి కౌన్సెలర్‌కు చూపించండి, అంకెలు చూపిస్తే చాలు, రాసింది చూపించక్కర్లేదు.

ఏం రాయాలి అంటే, మొత్తం క్యాన్సర్ గురించి కాదు. అది మోయలేనంత పెద్దది. ఒక్క గంట, ఒక్క గది, ఒక్క మాట తీసుకోండి. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన పదిహేను నిమిషాలు. ఎర్రగా ఉండే కీమో మందు ఎక్కుతున్నప్పుడు ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషి. పరామర్శకని వచ్చి "మా వదినగారి చెల్లెలికి మళ్లీ తిరగబెట్టిందట" అని చెప్పి వెళ్లినావిడ. నాలుగు రోజులూ అదే విషయం మీద ఉండొచ్చు, కానీ రోజురోజుకూ రాసే తీరు మారాలి. ఇదే అసలు కీలకం. తీరు మారకుండా అదే పేజీ నాలుగుసార్లు రాస్తే అది బాధను నెమరువేయడమే.

ఒక మచ్చు చూపిస్తాను. ఊహించి రాసిందే, కానీ జరిగే తీరు ఇలాగే ఉంటుంది.

మొదటి రోజు, జరిగింది, అప్పుడు అనిపించింది: "మొదటి కీమో అయిన పదిహేనో రోజు. తల దువ్వుకుంటుంటే దువ్వెనకు కుచ్చుకుచ్చుగా జుట్టు వచ్చింది. అత్తయ్య వాకిట్లో ఉంది. చూడకుండా కవర్లో పెట్టి చీరల కింద దాచాను. ఏడవలేదు. చేతులు వణికాయి. చాలా భయమేసింది."

రెండో రోజు, ఎవరితో ముడిపడి ఉంది, అనకుండా మింగింది ఏది: "అత్తయ్య ఏదో అంటుందని దాచలేదు. జాలిగా చూస్తుందేమోనని దాచాను. ఆయన సాయంత్రం వచ్చి టోపీ పెట్టుకున్నావేంటి అన్నాడు. చలిగా ఉందన్నాను. మే నెలలో. ఆయన ఇంకేం అడగలేదు. అడగనందుకు ఒళ్లు మండింది."

మూడో రోజు, తనను తాను బయటినుంచి చూడటం. 'నేను' బదులు మీ పేరో, 'ఆమె' అనో రాయండి: "ఆమె ఆ రోజు నుంచి తలుపు గడియ పెట్టుకుని స్నానం చేసేది. ఇంట్లో ఎవరికీ కష్టం కలిగించకూడదనుకుంది. ఎందుకంటే చిన్నప్పుడు వాళ్లమ్మ జ్వరంతో కూడా వంట చేసేది, ఎవరికీ చెప్పేది కాదు."

నాలుగో రోజు, ఇప్పుడు ఏం తెలిసింది, ఏం చేస్తాను: "బాగానే ఉన్నానని అందరికీ చూపించే పని నేనే నెత్తిన వేసుకున్నాను. అందుకే ఎవరూ అడగలేదు. అడగకపోతే పట్టించుకోలేదని కోపం తెచ్చుకున్నాను. ఆ కవరు ఇంకా అలమరలోనే ఉంది. ఈ వారం అత్తయ్యకు చూపిస్తాను."

మూడో, నాలుగో పేజీల్లో 'ఎందుకంటే', 'అందుకే' లాంటి మాటలు ఎలా వచ్చాయో గమనించండి. పెన్నెబేకర్ తర్వాతి పరిశోధనల్లో మేలు పొందినవాళ్ల రాతల్లో మొదటి రోజు కన్నా చివరి రోజుకు ఇలాంటి కారణం చెప్పే మాటలు, అర్థమైందని చెప్పే మాటలు పెరగడం కనిపించింది. 'నేను' అన్నచోట నుంచి ఇతరుల వైపుకు చూపు మారుతూ ఉండటం కూడా కనిపించింది. ఇవి కావాలని చొప్పించకండి. కానీ మూడో రోజు కూర్చునేటప్పుడు "ఇది ఎందుకు అంతగా తగిలింది?" అని పేజీ పైన రాసుకుని మొదలుపెడితే చాలు, అవే వస్తాయి.

భాష విషయంలో ఒకే నియమం: ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే. మీది కరీంనగర్ యాస అయితే అదే, శ్రీకాకుళం అయితే అదే. బడిలో వ్యాసం రాసినట్టు రాస్తే బాధ పక్కకు తప్పుకుంటుంది. అక్షర దోషాలు దిద్దకండి, కొట్టివేతలు వద్దు, వెనక్కి తిరిగి చదవకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి తెలుగు రాయడం మర్చిపోయినవాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసినా ఫర్వాలేదు. చదవనూ రాయనూ రాని అమ్మలకు ఫోన్ రికార్డర్ ముందు మాట్లాడటం ఇదే పని చేస్తుంది, అదే 20 నిమిషాలు, గదిలో ఒక్కరే.

మీకు చంకలోని లింఫ్ గ్రంథులు తీసి ఉంటే ఆ వైపు చేతి విషయం మర్చిపోకండి. మోచేయి బల్ల మీద ఆనేట్టు, కింద చిన్న దిండు పెట్టుకుని రాయండి. ఒళ్లో పుస్తకం పెట్టుకుని వంగి రాస్తే భుజం పట్టేస్తుంది. ఐదారు నిమిషాలకోసారి పిడికిలి మూసి తెరవండి. స్లీవ్ (చేయి వాపు రాకుండా వేసుకునే బిగుతు తొడుగు) వేసుకోమని చెప్పి ఉంటే రాసేటప్పుడు కూడా ఉంచండి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల వేళ్ల తిమ్మిర్లు ఇంకా ఉంటే లావుపాటి జెల్ పెన్ను తీసుకోండి, బాల్ పెన్ను నొక్కి పట్టాలి కాబట్టి త్వరగా నొప్పెడుతుంది. అప్పటికీ కుదరకపోతే ఫోన్లో మైకు నొక్కి తెలుగులో చెబితే అదే రాసుకుంటుంది, తప్పులొచ్చినా వదిలేయండి. కీమో అయినవాళ్లకు మాట నోటి చివరికొచ్చి రాకపోవడం మామూలే. అక్కడ ఒక గీత గీసి ముందుకెళ్లండి.

రాయడం ముగిశాక పది నిమిషాలు చాలా ముఖ్యం. చాలామంది లేచి నేరుగా వంటింట్లోకో ఫోన్లోకో వెళ్లిపోతారు, అప్పుడు ఆ బరువు ఎదురొచ్చినవాళ్ల మీద పడుతుంది. ముందు ముఖం కడుక్కోండి. పెరట్లోనో మేడ మీదో నడవండి. రామకోటి రాసే అలవాటు ఉన్నవాళ్లు ఈ పది నిమిషాలు ఒక పేజీ రామకోటి రాసుకోవచ్చు. ఒకే మాట పదే పదే రాయడంలో చేతికీ ఊపిరికీ ఒక లయ వస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ రామకోటి ఉందిగా, ఇదెందుకు అనుకోకండి. అది మనసును ఆపి నిలబెడుతుంది, ఇది ముడి విప్పుతుంది. రెండింటికీ వేరు వేరు పుస్తకాలు వాడండి.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను.

కన్నీళ్లు వస్తే ఆపక్కర్లేదు, రాస్తూ ఏడవచ్చు. కానీ ఒక హద్దు ఉంది. ఏదైనా తలుచుకోగానే ఊపిరి ఆడనట్టు, ఆ గదిలోనే మళ్లీ ఉన్నట్టు అనిపిస్తే వెంటనే విషయం మార్చేయండి. ఇది ఓడిపోవడం కాదు. పెన్నెబేకర్ స్వయంగా పెట్టిన నియమం కూడా ఇదే: రాస్తే తట్టుకోలేనని అనిపించేది రాయవద్దు. కాళ్లు నేల మీద గట్టిగా ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు రాయండి. మిగిలిన సమయం మధ్యాహ్నం వంట గురించి రాసినా ఫర్వాలేదు.

రెండోది, "ఏ జన్మలో ఏం పాపం చేశానో" అన్న వాక్యం. మన దగ్గర దాదాపు ప్రతి రాతలోనూ ఎక్కడో ఒకచోట వస్తుంది. వచ్చాక పెన్ను అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే దాని తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. దాన్ని కొట్టేయకండి, దానితో వాదించకండి. కింద ఇంకో వాక్యం మొదలుపెట్టండి: "ఈ మాట నాతో మొదట ఎవరన్నారు? అప్పుడు నేను ఎక్కడున్నాను?" ఇక్కడినుంచి మళ్లీ ఒక మనిషి, ఒక గది, ఒక సందర్భం దొరుకుతాయి. రాత కదులుతుంది.

మూడోది, ఉత్తరంలా రాయడం. భర్తకో అత్తగారికో డాక్టరుకో అనాలనుకున్నదంతా రాయడం మంచిదే, రెండో రోజుకు సరిపోతుంది. కానీ రాసిన వేడిలో దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేయకండి. పంపాలనిపిస్తే నాలుగు రోజులూ అయ్యాక ఒక వారం ఆగి, కొత్త కాగితం మీద నాలుగు వాక్యాల్లో మళ్లీ రాసి పంపండి.

నాలుగోది, "క్యాన్సర్ నాకు జీవితం విలువ నేర్పింది" అని మొదటి రోజే రాసేయడం. చాలామంది ఇది రాస్తేనే ధైర్యవంతులమనుకుంటారు. మీకు నిజంగా అనిపిస్తే రాయండి. ఎవరో అలా అనిపించాలని చెప్పినందుకు రాయకండి. చివరి రోజు రాయాల్సింది గొప్ప పాఠం కానక్కర్లేదు. ఇకపై దేనికి వద్దు అంటాను, ఎవరిని సాయం అడుగుతాను, వచ్చే మూడు నెలల్లో ఏం చేస్తాను, ఇవి చాలు.

ఐదోది, అలవాటుగా మారిపోవడం. నాలుగు రోజులు బాగా అనిపించిందని నలభై రోజులు అదే గాయం మీద రాసేవాళ్లుంటారు. దానివల్ల మేలు పెరగదు, జబ్బు ఇంకాస్త రోజంతా పరుచుకుంటుంది. నాలుగుసార్లు రాయడం అయ్యాక కనీసం నెల రోజులు ఆపండి. తర్వాత కొత్తగా ఏదైనా తగిలితే మళ్లీ నాలుగు. మధ్యలో డైరీ రాసే అలవాటుంటే రాసుకోండి, అందులో చెట్లూ పిల్లలూ వంటలూ ధరలూ ఉండనివ్వండి.

స్కాన్ భయానికి మాత్రం ఈ పద్ధతి వాడకండి. మూడు నెలలకో ఆరు నెలలకో చెకప్ దగ్గరపడేకొద్దీ గుండె దడదడలాడటం చికిత్స అయినవాళ్లలో చాలామందికి ఉంటుంది, అప్పుడు లోతుగా తవ్వితే భయం ఎక్కువవుతుంది. ఆ వారానికి పది నిమిషాల వేరే పేజీ ఉంది, అందులో నిర్ణయాలే ఉండాలి. తోడు ఎవరు వస్తారు. రిపోర్టు ఫోన్‌కు వస్తే ఎవరు తెరుస్తారు, ఎన్ని గంటల తర్వాత తెరవకూడదు (రాత్రి తొమ్మిది దాటాక వచ్చిన పీడీఎఫ్‌ను పొద్దున డాక్టరుకు ఫోన్ చేయగలిగే వేళకే తెరవడం మేలు). రిపోర్టులో అర్థంకాని మాట ఉంటే నెట్‌లో వెతకను, ఎవరిని అడుగుతాను. మధ్యలో ఉన్న రెండు రోజులు ఏ పని పెట్టుకుంటాను. డాక్టరును అడగాల్సిన మూడు ప్రశ్నలు. ఈ పేజీని ఫైలులో పెట్టుకోండి, ప్రతి చెకప్‌కూ పనికొస్తుంది.

ఉమ్మడి ఇంట్లో దాపరికం పెద్ద సమస్యే. ఎవరైనా చదువుతారనే అనుమానం ఉంటే చేయి నిజం రాయదు. విడి కాగితాల మీద రాయండి, పుస్తకం వద్దు. రాసినరోజే చింపి బకెట్ నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి పారేయొచ్చు, రాతను దాచుకోవడం వల్ల అదనపు లాభం ఏమీ లేదు. ఉంచుకోవాలనుకుంటే నాలుగూ కవర్లో అంటించి ఫైలులో పెట్టండి. "ఏం రాస్తున్నావు?" అని అడిగితే అబద్ధం అక్కర్లేదు, "కౌన్సెలర్ రాయమన్నారు, నాలుగు రోజులే, ఎవరికీ చూపించకూడదన్నారు" అంటే అత్తగారైనా సరే రెండోసారి అడగరు.

అందుకే కూతురికి ఇవి చూపించవద్దు. ఆమె చదువుతుందనుకుంటే మీరు తల్లిగా రాస్తారు, ఆమెను కాపాడుతూ రాస్తారు. అప్పుడు మీకు దక్కాల్సింది దక్కదు. పైగా పద్దెనిమిదేళ్ల పిల్లకు మీ మొదటి రోజు పేజీ మోయలేని బరువు, అందులో మీ కోపం తాలూకు పచ్చి మాటలుంటాయి. ఆమెకు చెప్పాల్సింది ఉంటే నాలుగూ అయ్యాక వేరే ఉత్తరం రాయండి. ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉంది, ఆమె వల్ల మీకు ఏ రోజు బలం వచ్చింది. ఆడపిల్ల కాబట్టి ఇంకో సంగతి కూడా అందులో ఉండాలి: మీ జబ్బు ఏ రకమో, జన్యు పరీక్ష చేశారో లేదో, చేస్తే ఏమొచ్చిందో. ఆమెకు ఏ వయసు నుంచి పరీక్షలు అవసరమో మీ డాక్టరుతో మాట్లాడి ఆ ముక్క రాసి పెట్టండి.

చివరగా, రాతతో సరిపెట్టకూడనివి. రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతికి ఏం లాభం అనిపించడం ఉంటే రాయడం ఆపి వెంటనే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటలోనే ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత నంబరు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. దిగులు అనుకుంటున్నది ఒక్కోసారి థైరాయిడ్, రక్తహీనత, మందుల ప్రభావం కూడా కావచ్చు. టామాక్సిఫెన్ వల్ల ఒంట్లో ఆవిర్లు వచ్చి రాత్రి మెలకువ వస్తే పగలంతా చిరాకు, ఏడుపు ఉంటాయి, ఈ సంగతి క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి, మందు మీకు మీరే ఆపకండి. దిగులుకు మాత్రలు రాయించుకోవాల్సి వస్తే టామాక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పాలి. పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటి కొన్ని దిగులు మందులు, టామాక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. అలాంటి దిగులు మందులకు బదులు ఇవ్వగలిగేవి వేరే ఉన్నాయి. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వేసుకునే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.